చదివింపుల పుస్తకం

దగ్గరికి జరగండర్రా. ఆ తుమ్మమొద్దు కాస్త లోపలికి తొయ్యి నాన్నా, పొగంతా అమ్మాయి కళ్ళల్లోకి పోతోంది. ఆఁ, అలాగ.

పొద్దున శుభలేఖ రాయడానికి కూర్చున్నప్పుడు నువ్వడిగావు కదమ్మా, "తాతయ్యా, చదివింపులు వద్దని కింద ఒక ముక్క వేయిద్దామా? ఎవరికీ ఇబ్బంది ఉండదు" అని. పక్కనుంచి మీ అన్న, "పందిట్లో ఫోన్ స్కానర్ పెడదాం, లెక్కంతా దానంతట అదే పడుతుంది" అన్నాడు. నేనప్పుడేమీ అనలేదు. గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి కాదది. ఈ ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా చదివింపులు రాసింది మన ఇంటివాళ్ళే. మా పెదనాన్న రాసేవాడు. ఆయన పక్కన సిరాబుడ్డి పట్టుకుని కూర్చుని నేను నేర్చుకున్నాను. ఆయనకి చూపు మందగించాక కలం నా చేతికొచ్చింది. ఇవ్వడం, పుచ్చుకోవడం గురించి నాకు తెలిసింది సగానికి పైగా ఆ పుస్తకాలు నేర్పిందే. ముందు వినండి, తర్వాత ఏం వేయించాలో మీరే చూసుకుందురు గాని.

మనది మునగాల పరగణా. ఇప్పుడు సూర్యాపేట జిల్లా అని రాస్తున్నారు గానీ, నా చిన్నప్పుడు చుట్టూ నైజాం రాజ్యం, నడుమ మన పరగణా ఒక్కటీ ఇంగ్లీషువాళ్ళ కృష్ణా జిల్లా కింద ఉండేది. పొలిమేర దాటితే రూపాయి మారిపోయేది. మనది కలదారు రూపాయి, వాళ్ళది హాలీ సిక్కా. ఆరు కలదారు రూపాయలకి ఏడు హాలీ రూపాయలు. అంటే మన వంద వాళ్ళ లెక్కలో నూట పదహారు రూపాయల చిల్లర. "నైజాం వైపు చుట్టం తన వంద మన వందకి తీసిపోకూడదని పైన పదహారు కలిపి ఇచ్చేవాడురా, నూట పదహార్లు అలా వచ్చినవే" అని పెదనాన్న చెప్పేవాడు. మా పురోహితుడు ఒప్పుకునేవాడు కాదు. సున్నాతో ముగిసే మొత్తం శుభకార్యానికి పనికిరాదు, పైన ఒకటైనా ఉండాలి, అసలు కారణం అదీ అనేవాడు. ఇద్దరూ ప్రతి పెళ్ళిలోనూ ఈ వాదన వేసుకునేవాళ్ళు. నాకు మాత్రం పెదనాన్న మాటే నచ్చేది. నా రూపాయి ఎదుటివాడి చేతిలో పడ్డాక ఎంత చేస్తుందని ఇచ్చేవాడు ముందే ఆలోచించుకోవడం ఉంది చూడండి, అది నాకిష్టం.

అయినా ఆ రోజుల్లో నూట పదహార్లు చదివించడమంటే జమీందారో, పేటలో పెద్ద షావుకారో చదివించాలి. మిగతా ఊరంతా పావలా, అర్ధరూపాయి, రూపాయి. డబ్బులు లేనివాళ్ళు కొబ్బరికాయ తెచ్చేవాళ్ళు, గుమ్మడికాయ తెచ్చేవాళ్ళు, కుంచెడు బియ్యం తెచ్చేవాళ్ళు. అన్నిటికీ పద్దు ఉండేది.

తలంబ్రాలయ్యి, కొంగుముడితో జంట పీటల మీద కుదురుగా కూర్చున్నాక చదివింపులు మొదలయ్యేవి. పందిట్లో ఒక పక్కన చాప, చాప మీద రాతబల్ల, బల్ల మీద పుస్తకం. పుస్తకానికి నాలుగు మూలలా పసుపు, మొదటి పుట నెత్తిన శ్రీకారం. పెదనాన్న ముందు ఊరు రాసేవాడు, తర్వాత ఇంటిపేరు, పేరు, ఆ పక్కన చుట్టరికం, చివరికి ఇచ్చిన వస్తువు. రాశాక తలెత్తి పందిరంతా వినబడేలా చదివేవాడు. ఎవరి పేరు చదివినా చివర "గారు" ఉండాల్సిందే. పాలేరైనా, మోతుబరైనా అంతే. ఆ కాలంలో ఊళ్ళో కొంతమందిని పుట్టి బుద్ధెరిగాక "గారు" అన్నది ఆ ఒక్క గొంతే. చదివింపు రోజున వాళ్ళు పనిగట్టుకుని తలకి కొత్త తువ్వాలు చుట్టుకుని రావడం నేను చూశాను.

ఇంకో కట్టడి కూడా ఉండేది ఆయనకి. పేరు చదివేవాడే గానీ సొమ్మెంతో పైకి చదివేవాడు కాదు. చాలా ఊళ్ళల్లో చదివేవాళ్ళు, ఇప్పటికీ మైకులో చదువుతున్నారు. ఒకసారి ఒక పెద్దమనిషి బంగారపు ఉంగరం పెట్టి, "ఎన్ని కాసులో కూడా చదవండి" అని పట్టుబట్టాడు. పెదనాన్న పుస్తకం ఆయన వైపు తిప్పి, "ఇదుగో బాబూ, తూకంతో సహా రాశాను, చూసుకోండి. పిల్లలు పెద్దయ్యాక కూడా చదువుకుంటారు" అని, వెంటనే తర్వాతి పేరు పైకి చదివేశాడు. ఆయన నొచ్చుకోలేదు. ఆ వెనకాల వరసలో అర్ధరూపాయి గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డవాళ్ళు కూడా నొచ్చుకోలేదు. ఇద్దరినీ ఒక్క మాటతో కాపాడటం చాలా కష్టమర్రా.

మా చిన్నత్త పెళ్ళి సంగతి చెప్పాలి. ఊరి చివర దిబ్బ మీద ఒక ముసలమ్మ ఉండేది. భర్త పోయి చాలా ఏళ్ళు. ఆ కాలంలో అలాంటివాళ్ళు పెళ్ళిపందిట్లోకి ముందుకొచ్చేవాళ్ళు కాదు, రానిచ్చేవాళ్ళు కాదు. ఆవిడ పందిరిగుంజ పక్కనే నిలబడి, జనం పల్చబడ్డాక చాప దగ్గరికొచ్చి కొంగుముడి విప్పింది. సేరు కందిపప్పు. తన తిరగట్లో తనే విసిరింది. అక్కడక్కడా పప్పుకి పొట్టు ఇంకా అంటుకునే ఉంది. ఎవరో దాన్ని పక్కనున్న గంపలో పోయబోయారు. పెదనాన్న ఆపాడు. ఇత్తడి పళ్ళెం తెప్పించి, తమలపాకులు పరిచి, అందులో పోయించి, ఆవిణ్ణే వెంటబెట్టుకుని పీటల దగ్గరికి తీసుకెళ్ళాడు. మా అత్త రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. పందిట్లో కొందరు గుసగుసలాడారు. ఆయన వినిపించుకోలేదు. పుస్తకంలో "కందిపప్పు, సేరు, ఇంట విసిరినది" అని రాశాడు. మర్నాడు మగపెళ్ళివారి పంక్తిలో ముద్దపప్పు ఆ పప్పుతోనే వండించారు, ఎవరు తెచ్చిన పప్పో వడ్డించేటప్పుడు చెప్పి మరీ వడ్డించారు. నాలుగేళ్ళకి ఆవిడ మనవడి పెళ్ళి వచ్చింది. పెదనాన్న పుస్తకం తీసి ఆ పద్దు చూసి, బండి మీద ధాన్యం బస్తా వేయించి పంపాడు.

ఇదీ ఆ పుస్తకం ఉన్నందుకు ప్రయోజనం. అప్పు రాసుకునే పుస్తకం అనుకుంటున్నారు మీరు, కాదు. ఎవరింట్లో శుభకార్యం వచ్చినా, బయల్దేరేముందు ఇంటి ఆడవాళ్ళు ట్రంకుపెట్టె తెరిచి, వాళ్ళు మనకేం పెట్టారో చూసేవాళ్ళు. చూసి, దాని మీద ఎంతో కొంత కలిపి పట్టుకెళ్ళేవాళ్ళు. సరిగ్గా అంతే ఇవ్వకూడదు. అంతే ఇస్తే లెక్క తేలిపోయినట్టు. లెక్క తేలిపోతే ఇక రాకపోకలు దేనికి? ఎప్పుడూ ఎవరో ఒకరు ఒక రూపాయి బాకీ ఉండాలి. ఆ బాకీ నోరు తెరిచి అడగకూడదు. మూడు తరాలు గడిచినా అడగకూడదు.

వస్తువులిచ్చేవాళ్ళు వాటి మీద పేరు కొట్టించేవాళ్ళు. మీ నాయనమ్మ వాడిన రాగిబిందె అటక మీద ఉంది, ఎప్పుడైనా మెడ కింద తడిమి చూడండి. జగ్గయ్యపేటలో పాత్రల కొట్టు అరుగు మీద ఒకతను సన్నటి ఉలి, చిన్న సుత్తి పెట్టుకుని కూర్చునేవాడు. అక్షరం గీసేవాడు కాదు, చుక్కలు చుక్కలుగా కొట్టేవాడు. టక్ టక్ టక్ మని ఒక్కో అక్షరానికి పది పదిహేను చుక్కలు. ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, తేదీ. అక్షరానికింత అని కూలి. అందుకని బీదవాళ్ళు ఇంటిపేరు పొడి అక్షరాల్లో కొట్టించేవాళ్ళు. తర్వాత కరెంటు మిషను వచ్చింది, స్టీలు గిన్నెలొచ్చాయి. ఇప్పుడు వంటింట్లో నువ్వు ఏ గిన్నె బోర్లించినా ఒక చుట్టం పేరు కనిపిస్తుంది. వాళ్ళల్లో చాలామంది లేరు. పప్పు గిన్నె తోముతూ మీ నాయనమ్మ వాళ్ళ కబుర్లు తలుచుకునేది.

మా అక్కని కోదాడ అవతల నైజాం వైపు ఇచ్చారు. పొలిమేర దాటిందంటే ఆచారాలు కూడా మారిపోయేవి, ఆ సంగతి మా అమ్మకి తర్వాత తెలిసింది. మన వైపు ఆడపిల్ల అత్తారింటికి వెళ్తుంటే ఒళ్ళో చలిమిడి పెట్టి పంపేవాళ్ళం, వెనకాల సారె. అరిసెలు, సున్నుండలు, జంతికలు, లడ్లు, వందల లెక్కన గంపలకెత్తి, పైన కొత్తబట్ట కట్టి బండెక్కించేవాళ్ళం. మొదటి సారె తీసుకుని అమ్మ, నేను, బండితో బయల్దేరాం. సరిహద్దు మీద నైజాం వాళ్ళ కరోడ్‌గిరీ నాకా, అంటే సుంకం చౌకీ. లోపలికెళ్ళే సరుకంతా విప్పి చూపించాలి. అక్కడున్న జవాను నడివయసు ముసల్మాను, గంప మీద గుడ్డ తీశాడు, పసుపు కుంకాలు కనిపించాయి. "బేటీకి తీసుకెళ్తున్నారా?" అన్నాడు. అమ్మ తలూపింది. తనే మళ్ళీ గుడ్డ కప్పి, మేం కట్టినట్టే ముడేసి, జేబులోంచి హాలీ రూపాయి తీసి గంప మీద పెట్టాడు. ఆడపిల్ల సామాను మీద చెయ్యి వేశాక ఉత్త చేత్తో పంపడం తమలోనూ లేదన్నాడు. అమ్మ వద్దనలేదు. ఆ రూపాయి తీసి కళ్ళకద్దుకుని, ఒక అరిసె, ఒక సున్నుండ ఆకులో పెట్టిచ్చింది. అక్కడ వద్దంటే ఆయన మనసు కష్టపెట్టినట్టయ్యేది. అక్క ఆ రూపాయి చాలాకాలం పసుపు డబ్బాలో దాచుకుంది.

సారె చేరగానే మాకు తెలిసిన పద్ధతి ఒకటే, అది వీధంతా పంచాలి. పిల్లకి పుట్టింటివాళ్ళున్నారని ఆ వీధికి తెలియాలి, పిల్ల ఆ వీధికి తెలియాలి. ఇంటింటికీ పళ్ళెంలో పెట్టి పంపేవాళ్ళు. ఆ పళ్ళెం ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదార, రెండు బియ్యపు గింజలైనా వేసి ఇస్తారు. అక్క అత్తగారు పళ్ళేలన్నీ వచ్చాక మా అమ్మని అడిగింది, "వదినా, ఒడిబియ్యం ఎప్పుడు పోస్తరు?" అని. అమ్మకి అర్థం కాలేదు. మన ఇంట్లో ఆ వాడుక లేదు. ఆవిడ నవ్వకుండా, తక్కువ చెయ్యకుండా, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. బియ్యానికి పసుపు పట్టించాలి, ఎండు కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు, రవికగుడ్డ పెట్టాలి. బిడ్డని పుట్టింటికి పిలిపించి, కొత్తచీర కట్టించి, ఒడి పట్టించి, తల్లీ, ముత్తైదువలూ దోసిళ్ళతో పోయాలి. ఆ బియ్యం మూటగట్టుకుని అత్తారింటికెళ్ళి, వండించి, చుట్టాల్నీ ఇరుగుపొరుగునీ పిలిచి భోజనం పెట్టాలి.

ఆ ఏడు అమ్మ ఒడిబియ్యం పోసింది. అక్క ఒడి పట్టుకుని నిలబడింది, అమ్మ దోసిలి వణికింది. మన ఊళ్ళో మిగతావాళ్ళు కొత్తగా చూశారు. ఆ తర్వాత సారె, ఒడిబియ్యం రెండూ సాగాయి మన ఇంట్లో. చూడండి, సారె పుట్టింట్లోంచి కదిలి బిడ్డ దగ్గరికెళ్తుంది. ఒడిబియ్యానికి బిడ్డే కదిలి పుట్టింటికొస్తుంది. అయితే రెండూ చివరికి పదిమంది విస్తళ్ళలోకే చేరతాయి. ఇంట్లో దాచుకుని తినే వాటా ఏ వైపూ లేదు.

దసరాకి అక్కా వాళ్ళ ఊళ్ళో ఇంకోటి చూశాను. జమ్మిచెట్టు దగ్గర పూజయ్యాక అందరూ జమ్మి ఆకులు తెచ్చుకుని, పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళకి దణ్ణం పెడతారు. దాన్ని బంగారం అంటారు. పొలం గట్టు కోసం ఏడాదంతా మాట్లాడుకోని అన్నదమ్ములు ఆ పూట చేతిలో ఆకు పెట్టి కావలించుకుంటారు. పైసా ఖర్చు లేదు. కానీ పుచ్చుకున్నవాడు దాన్ని కింద పడెయ్యడు, తలపాగాలో దోపుకుంటాడు, లేదా ఇంటికెళ్ళి దేవుడి దగ్గర పెడతాడు. ఆకుని బంగారం చేసేది ఆ పుచ్చుకున్న తీరే.

మన పక్కింటి సాయిబుగారి ఇల్లు గుర్తుందా? ఇప్పుడు మేడ కట్టారు. అప్పుడు పెంకుటిల్లు. రంజానుకి షీర్‌ఖుర్మా చేసేవాళ్ళు. మా నాయనమ్మ మడి మనిషి, బయటివాళ్ళు వండింది ముట్టేది కాదు. సాయిబుగారి తల్లికి అది తెలుసు. అందుకని మిగతా ఇళ్ళకి గిన్నెల్లో షీర్‌ఖుర్మా, మన ఇంటికి మాత్రం ఎర్రదారంతో అల్లిన గుడ్డ కప్పిన పళ్ళెంలో పచ్చి సేమ్యా, చక్కెర, ఖర్జూరాలు, సారపప్పు, చెంబుతో పాలు. నాయనమ్మ తన పొయ్యి మీద వండుకుని, పిల్లలందరికీ పెట్టి, తనూ తినేది. సంక్రాంతికి అరిసెలు మొదటి వాయ వాళ్ళింటికే. ఒకరి పట్టింపుని ఇంకొకరు తప్పు పట్టుకోలేదు. వాళ్ళలో ఇంకో చక్కటి కట్టడి ఉంది. బక్రీదుకి మాంసం మూడు వాటాలు వేస్తారు, ఒకటి ఇంటికి, ఒకటి బంధువులకీ స్నేహితులకీ, ఒకటి బీదవాళ్ళకి. ఇవ్వాలని బుద్ధి పుట్టేదాకా ఆగకుండా, వాటా ముందే పక్కన పెట్టేస్తారన్నమాట.

ఇక గొప్పవాళ్ళ సంగతి. హైదరాబాదులో నిజాం నవాబు దర్బారుకి వెళ్తే నజరు పెట్టాలి. ఒక బంగారు అష్రఫీ, నాలుగు వెండి రూపాయలు, చేతిరుమాలు మీద పెట్టి రెండు చేతులా చాపాలి. వెనకటి నవాబులు వేలితో తాకి, అంగీకరించామన్నట్టు తిప్పి ఇచ్చేసేవారట. ఆఖరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ మాత్రం ఉంచేసుకునేవాడని ఊరూరా చెప్పుకునేవాళ్ళు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరున్న మనిషి! తాకి తిప్పి ఇచ్చినన్నాళ్ళూ అది మర్యాద. ఉంచుకున్నాక జనం నోట పన్ను అయిపోయింది.

ఆయనే 1947 నవంబరులో ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్ పెళ్ళికి వజ్రాల కంఠహారం, వజ్రాల కిరీటం ఇచ్చాడు. లండనులో కార్టియర్ నగల కొట్టువాళ్ళకి కబురు చేసి, పెళ్ళికూతుర్నే నచ్చింది ఏరుకోమన్నాడు. అదే పెళ్ళికి మన దేశంనుంచి ఇంకో కానుక వెళ్ళింది. గాంధీగారిది. ఇవ్వడానికి నా దగ్గరేముందని ఆయనంటే, మీరు వడికిన నూలుందిగా అన్నాడు మౌంట్‌బాటెన్. ఆ నూలుతో చిన్న జాలీ గుడ్డ అల్లించి పంపారు. మధ్యలో జైహింద్ అని అక్షరాలు. కానుకలన్నీ వరసగా పేర్చి చూపించినప్పుడు పెళ్ళికూతురి నాయనమ్మ మేరీ రాణి దాన్ని చూసి, గాంధీ కట్టుకునే గోచీ గుడ్డ అనుకుని మండిపడిందట. అప్పుడు నాకు పదమూడో ఏడు. పంచాయతీ రచ్చబండ మీద పేపరు వచ్చేది, పెదనాన్న పైకి చదివేవాడు. ఈ గోచీ సంగతి మాత్రం చాలాకాలం తర్వాత పుస్తకాల్లో వచ్చింది. ఆ పెళ్ళికి 2,500 పైగా కానుకలొచ్చాయి. ఆ కంఠహారం ఆమె మెళ్ళో వేసుకుంది. కిరీటాన్ని విప్పించి, ఆ వజ్రాలతో ఇంకో కిరీటం చేయించుకుంది. ఆ నూలుగుడ్డని మాత్రం అలాగే దాచింది. ఎన్నో ఏళ్ళకి మన ప్రధాని లండను వెళ్ళినప్పుడు బయటికి తీసి చూపించింది, 2022లో ఆమె పోయిన రోజున ఆయనే ఆ మాట చెప్పాడు. నాయనమ్మకి తెలియని మర్యాద మనవరాలికి తెలిసింది. ఆమె మీద నాకు గౌరవం కలిగింది ఆ ఒక్క విషయంలోనే.

అన్నిటికన్నా పెద్ద కానుక మన పక్కనే, నల్గొండ జిల్లాలో జరిగింది. అప్పట్లో నల్గొండ అంటే తుపాకుల చప్పుడు. దొరల భూములు, రైతుల పోరాటం, ఊళ్ళల్లో పోలీసు క్యాంపులు. రాత్రి బయటికెళ్ళాలంటే భయం. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే కాలినడకన వచ్చాడు. 18వ తారీకున పోచంపల్లిలో ఆగాడు. హరిజనవాడకి వెళ్ళి మీకేం కావాలని అడిగితే, నలభై కుటుంబాలం, ఎనభై ఎకరాలుంటే దున్నుకుని బతుకుతాం అన్నారు. సర్కారుకి రాయిస్తే ఎప్పటికి తెమిలేను? ఊరివాళ్ళ ముందే ఆ మాట పెట్టాడు. వెదిరె రామచంద్రారెడ్డి అనే ఆయన లేచి, నేను వంద ఎకరాలిస్తాను అన్నాడు. అడిగింది ఎనభై, ఇచ్చింది వంద. ఇక్కడ కూడా పైన కొంత కలిపి ఇచ్చిన మనిషే, చూశారా? ఆ వార్త మూడో రోజుకి మన ఊరు చేరింది. పెదనాన్న పుస్తకం తెరిచి, చివరి పుటలో ఆ పద్దు రాసుకున్నాడు, తన కళ్ళతో చూడకపోయినా. వినోబా ఆ భూమిని తన కోసం పుచ్చుకోలేదు, ఆ కుటుంబాలకే చేరేలా చూశాడు. ఆ తర్వాత దేశమంతా నడిచి భూమి అడిగాడు. ఇచ్చిన భూముల్లో కొన్ని రాళ్ళ గుట్టలనీ, కొన్ని కాగితాల మీదే మిగిలాయనీ విన్నాం, అది బాధే. కానీ ఆ మొదటి రోజుని అది చెరపలేదు.

అడగడం అన్నాను కాబట్టి ఇంకో మాట. కట్నం గురించి. చదివింపు వేరు, కట్నం వేరు. ఇచ్చేవాడి మనసులోంచి వచ్చేది చదివింపు. ముందే ఇంత అని బేరమాడి, ముహూర్తం వేళకి లెక్క చూసుకుని తాళి కట్టేది కట్నం. దానికీ పసుపు పూసి, తాంబూలంలో పెట్టి ఇస్తారు, కానుకలాగే కనిపిస్తుంది. గురజాడ అప్పారావుగారి కాలంలో ఆడపిల్లకి వెలకట్టి అమ్మేవాళ్ళు, కన్యాశుల్కం నాటకం అందుకే రాశాడు. మా కాలానికి మగపిల్లాడికి వెల కట్టారు. 1961లో చట్టం వచ్చింది. 1985లో నిబంధనలు చేసి, పెళ్ళిలో వధూవరులకి వచ్చిన కానుకలకి జాబితా రాసి సంతకాలు పెట్టాలన్నారు. అది చదివి నేను ఆ ఏటినుంచి పెళ్ళికూతురి వైపు పద్దులు వేరే పుస్తకంలో రాసి, ఆ పిల్ల చేతికే ఇచ్చేవాణ్ణి. నీ దగ్గరే ఉంచుకో తల్లీ అని. రెండిళ్ళల్లో ఆ పుస్తకం ఆ పిల్లల్ని కాపాడింది. పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఎకరమిచ్చి, కాగితం రాయక, అన్నదమ్ముల చేతిలో ఆ నేల పోగొట్టుకున్న ఆడపిల్లలు మన చుట్టాల్లోనే ఉన్నారు. నీకిచ్చే నేలకి రిజిస్ట్రేషన్ అయిపోయింది, భయపడకు.

పేరంటాల్లో కూడా ఒక కష్టం చూశాను. శ్రావణమాసంలో వాయనాలు. నానబెట్టిన శనగలు, తాంబూలం, రవికగుడ్డ. ఇంటి నిండా కళకళ. భర్త పోయిన మా మేనత్త మాత్రం వంటింట్లో శనగలు గిన్నెల్లోకి ఎత్తుతూ కూర్చునేది. ఆవిడ చేత్తో నానబోసిన శనగలు అందరికీ, ఆవిడకి మాత్రం లేవు. పద్ధతి అని ఎవరెన్ని చెప్పినా అది పద్ధతి కాదు, క్రూరత్వం. మీ నాయనమ్మ ఈ ఇంటికొచ్చాక మొదటి వాయనం మేనత్తకిచ్చింది. మా అమ్మ అభ్యంతరం చెప్పలేదు. నీ పెళ్ళిలో కూడా మీ పెద్దమ్మ ముందు వరసలో కూర్చోవాలి, ముందు బొట్టు ఆవిడకే పెట్టాలి. ఇది మాత్రం నేను అడుగుతున్నాను.

బయటి దేశాల్లో ఎలా ఉంటుందో మీరే నాకు చెప్పారు. అమెరికాలో ఇచ్చినవాళ్ళ ఎదుటే విప్పి చూసి సంతోషం చెప్పాలట. మనం ఎదుట విప్పం, ఆశపడ్డట్టుంటుందని లోపల పెట్టేస్తాం. జపానులో ఉద్యోగం చేసొచ్చిన మీ బాబాయి చెప్పింది నాకు బాగా నచ్చింది. అక్కడ పెళ్ళికి కొత్త నోట్లే ఇవ్వాలట, ముడి వేసిన తాళ్ళున్న కవరులో పెట్టి. చావింటికిచ్చేటప్పుడు మాత్రం కొత్త నోట్లు ఇవ్వరు, చావు కోసం ముందే సిద్ధపడి ఉన్నట్టుంటుందని. పుచ్చుకున్నవాళ్ళు కొన్నాళ్ళకి అందులో సగం విలువ చేసే వస్తువు తిరిగి పంపుతారు. మనం పైన కలిపి ఇస్తాం, వాళ్ళు సగం వెనక్కిస్తారు. రెండు చోట్లా లెక్క సరిగ్గా తేలకుండా చూసుకుంటున్నారు, గమనించారా? రష్యాలో డాక్టరీ చదివొచ్చిన మన కరణంగారి మనవడు, అక్కడ బతికున్నవాళ్ళకి బేసి సంఖ్యలో పూలివ్వాలి, సరిసంఖ్య చావుకి అన్నాడు. మన నూటొక్కటి గుర్తొచ్చింది నాకు.

కాబట్టి అమ్మా, చదివింపులు వద్దని కార్డు మీద వేస్తే డబ్బున్నవాళ్ళకి హాయి. వాళ్ళు ఎలాగూ వేరే రకంగా పంపుతారు. ఉత్త చేతులతో రావడం ఇష్టంలేక, రెండు కొబ్బరికాయలు సంచిలో పెట్టుకుని బస్సెక్కే మనిషి ఆ ముక్క చదివి ఆగిపోతాడు. ఆ స్కానరు కూడా కావలసినవాళ్ళ కోసం ఒక మూల పెట్టుకోండి. అది రూపాయలు రాసుకుంటుంది, కందిపప్పు రాసుకోదు. చాప, రాతబల్ల వేయించండి. నా చెయ్యి వణుకుతోంది, పద్దు మీ అన్న రాస్తాడు, నేను పేర్లు చదువుతాను. గొంతు ఇంకా బాగానే ఉంది.

ఒక పని మిగిలిపోయింది. మీ అమ్మానాన్నల పెళ్ళి పుస్తకంలో ఏడో పుటలో, మట్టంపల్లి వైపునుంచి వచ్చిన ఒక చేనేత కుటుంబం పద్దు ఉంది. నేత చీర ఒకటి, జాకెట్టు గుడ్డతో సహా. మగ్గం మీద తామే నేసిందని అడ్డంగా రాశాను. ఆ తర్వాత వాళ్ళు పని వెతుక్కుంటూ సూరత్ వెళ్ళిపోయారు, మనం బదులు పెట్టలేదు. పోయిన వారం తెలిసింది, వాళ్ళ మనవరాలి పెళ్ళి ఫాల్గుణంలో, అక్కడేనట. నీ పెళ్ళయ్యాక మీరిద్దరూ వెళ్ళాలి. టికెట్లు ఇప్పుడే చేయించు నాన్నా. చీరలు రెండు తీసుకెళ్ళండి, ఒకటి ఆ పిల్లకి, ఒకటి వాళ్ళ నాయనమ్మకి, ఆవిడ ఇంకా ఉందట. వాళ్ళు వద్దంటారు, ఎప్పటి మాట అంటారు. పుస్తకం పట్టుకెళ్ళి ఆ పుట చూపించండి.